షుగర్ తగ్గింది

మార్చి 3, సోమవారం

ఇది డాక్టరు గారు షుగర్ రీడింగులు రాసుకోమని ఇచ్చిన పుస్తకం. పేజీకి ఏడు గళ్లు, గడికి నాలుగు అంకెలు. పదకొండేళ్లుగా అంకెలు రాసి రాసి విసుగొచ్చింది. అందుకే పుస్తకం తిరగేసి వెనక నుంచి మొదలుపెట్టాను. ముందు నుంచి అంకెలు, వెనక నుంచి నేను.

ఇవాళ ఒంగోల్లో ఈత నేర్చుకోవడానికి చేరాను. ఇంట్లో తెలీదు.

స్కూలు మూడింటికి అయిపోతుంది. పూల్‌లో లేడీస్ బ్యాచ్ మూడున్నర నుంచి నాలుగున్నర. ట్యూషన్ చెప్తున్నానని ఇంట్లో చెప్పాను. చీమకుర్తి రాళ్ల లారీల వెనక దుమ్ము తింటూ ఏ బస్సులో వచ్చినా అమ్మ అడగదు. ఫారంలో ‘జబ్బులేమైనా ఉన్నాయా’ అన్న చోట ‘లేవు’ అని రాశాను. ఇరవై రెండేళ్ల దాన్ని, నాలుగో తరగతి పిల్లలకి నీతి వాక్యాలు చెప్పే దాన్ని.

మార్చి 4

ముక్కులోకి నీళ్లు. చెవుల్లోకి నీళ్లు. రేపూ వెళ్తాను.

మార్చి 7, శుక్రవారం

పట్టుబడ్డాను.

నేర్పే ఆవిడ పేరు నజ్మీన్. తల నుంచి పాదాల దాకా నల్ల స్విమ్మింగ్ డ్రెస్సు, మెళ్లో విజిల్. నేను బట్టలు మార్చుకునే గదిలో పంపు విప్పుతుంటే లోపలికొచ్చేసింది. అదేంటి, ఫోనా అంది. కాదన్నాను. పొట్ట మీద ట్యూబు అతికించిన బిళ్ల కూడా చూసింది. ఇంక దాచేదేముంది, చెప్పేశాను. నాది మామూలు షుగర్ కాదు, నా ఒంట్లో ఇన్సులిన్ అసలు తయారు కాదు, పదకొండో ఏట నుంచీ ఇంతే. పంపు సన్నటి ట్యూబులోంచి చుక్క చుక్కగా ఇన్సులిన్ పోస్తూ ఉంటుంది. ఈతకి దిగేటప్పుడు ట్యూబు విప్పి పంపు పక్కన పెట్టుకోవచ్చని డాక్టరు గారే చెప్పారు. కానీ గంట దాటకూడదు. తడిస్తే పంపు పోతుంది, ట్రస్టు వాళ్లిచ్చింది, రెండోది ఇవ్వరు. ఎండలో పెడితే లోపలి మందు చెడిపోతుంది.

ఫారంలో లేవని రాశావేం అని అడిగింది. రాస్తే చేర్చుకుంటారా అన్నాను. ఆవిడ విజిల్ నోట్లో పెట్టుకుని తీసింది. రేపటి నుంచి షుగర్ మీటరు తెచ్చుకో, దిగే ముందు నా కళ్లెదుట చూసుకో, 150 లేకపోతే తిని దిగు, గట్టు మీద జ్యూస్ ప్యాకెట్ నేను పెడతా, నేను ఈల వేస్తే నోరెత్తకుండా పైకి రా అంది. ఇన్ని షరతులకి ఒప్పుకుంటున్నట్టు తలూపాను. పెళ్లిచూపుల్లో కూడా ఇంత బుద్ధిగా ఊపలేదు.

పంపు నీడలో, ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన పెట్టాం.

మార్చి 9, ఆదివారం

గుడినుంచి వచ్చి రాస్తున్నాను. ఈత పిచ్చి ఎక్కడిదో రాయాలి.

మా ఊరి పక్కన సాగర్ బ్రాంచి కాలవ. పదకొండో ఏట ఎండాకాలమంతా అందులోనే ఉన్నాను. ఆ ఎండల్లోనే బిందెలు బిందెలు నీళ్లు తాగాను, సగానికి చిక్కిపోయాను, ఒక రోజు కళ్లు తిరిగి పడితే గుంటూరు తీసుకెళ్లారు. జబ్బు కాలవ నీళ్ల వల్లే వచ్చిందని అమ్మ నమ్మకం. అమ్మ పేరు ఎలీసమ్మ, నమ్మిందంటే ఎవరూ మార్చలేరు. ఆ రోజు నుంచి కాలవ గట్టు కూడా ఎక్కనివ్వలేదు. స్నానానికి పోయినా తలుపు బయట నిలబడి, మిషన్ తీశావా, మిషన్ తీశావా అని కేకలు. పంపుని అమ్మ మిషన్ అంటుంది.

అమ్మ కొంగు చివర ఒక ముడి ఉంటుంది. అందులో పంచదార పొట్లం. మిరపకాయలు కోయడానికి చేలో ఉన్నా, గుళ్లో ఉన్నా, పెళ్లిలో ఉన్నా ఆ ముడి ఉంటుంది. నాకు షుగర్ తగ్గిందంటే చాలు, ముడి విప్పుతూ పరిగెత్తుకొస్తుంది. కోతల రోజుల్లో ఆ వేళ్ల కారం నా పెదాలకి అంటుకుని తీపీ మంటా ఒకేసారి తగులుతాయి.

మార్చి 13, గురువారం

ఎంత పని చేశాను.

పూల్‌లో ఇవాళ మొదటిసారి చేతులు వదిలేసి తేలాను. నడుము దగ్గర ఏమీ లేదు. బరువు లేదు, ట్యూబు లాగడం లేదు. ఇంకోసారి, ఇంకోసారి అంటూ ఆపలేదు. మేడం ఈల వేసింది, వినపడనట్టు ఊరుకున్నాను. ఆవిడ దూకి రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. 58. డెబ్బై కంటే కిందికి పోతే ప్రమాదం. జ్యూస్ తాగించి పక్కన కూర్చుంది. నువ్వు ఊరికే నవ్వుతున్నావు, అందుకే అనుమానమొచ్చింది అంది. అవును, చిన్నప్పుడు అమ్మా అనేది, షుగర్ తగ్గితే దీనికి కారణం లేని నవ్వొస్తుందని.

సరిపడేదాకా కూర్చుని, తిని, బస్సెక్కేసరికి ఆలస్యమైంది. స్త్రీల కూడికకి అందరి కంటే చివర వెళ్లాను. పాస్టరు గారి భార్య రెబ్కమ్మగారు ప్రార్థన ఆపి, ఏమ్మా ఫెబా ఇంత లేటు, ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగారు. నాకింకా తల దిమ్ముగానే ఉంది. షుగర్ తగ్గిందమ్మగారూ అన్నాను. అందుకే లేటయింది అనబోయాను.

అనలేదు. రెబ్కమ్మగారు రెండు చేతులూ ఎత్తి హల్లెలూయా అని కేక పెట్టారు. గది మొత్తం లేచింది. ఒకరు ఏడుస్తున్నారు, ఒకరు కంజీర అందుకున్నారు. ఎవరో నా తల మీద చెయ్యి పెట్టారు.

జ్వరం తగ్గిందంటే మంచి మాట. నొప్పి తగ్గిందంటే మంచి మాట. షుగర్ తగ్గిందంటే మా ఇంట్లో మాత్రం పంచదార తెమ్మనే కేక. ఆ గదిలోనే ఉన్న అమ్మ చెయ్యి ముడి మీదికి వెళ్లింది, నేను చూశాను. వెళ్లి ఆగింది. నా వైపు చూసింది. నిజమా అన్నట్టు. అప్పుడు చెప్పాలి నేను. చెప్తే ఎందుకు తగ్గిందంటారు, ఎక్కడ తగ్గిందంటారు, ఈత సంగతి బయటపడుతుంది. నోరు మూసుకుని నిలబడ్డాను.

అమ్మ చెయ్యి ముడి మీంచి తీసేసి కళ్లు తుడుచుకుంది.

మార్చి 14, పొద్దున 5.30

ఇవాళ చెప్పేస్తాను.

మార్చి 14, సాయంత్రం

చెప్పలేదు. అమ్మ చేలో అందరికీ చెప్పేసి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. పదకొండేళ్లలో అంత తేలిగ్గా అన్నం తినడం చూడలేదు నేను.

మార్చి 16, ఆదివారం

ఆరాధనలో పాస్టరు ఇమ్మానుయేలు అయ్యగారు నన్ను లేపి నిలబెట్టారు. నాకు షుగర్ తగ్గితే బాప్తిస్మం ఇప్పిస్తానని అమ్మ పదకొండేళ్ల కింద మొక్కుకుంది. నా ఈడు వాళ్లందరూ ఎప్పుడో తీసుకున్నారు. బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు నేనొక్కదాన్నే వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చుంటాను. బాప్తిస్మం లేనివాళ్లు ఆ గిన్నె ముట్టకూడదు.

ఏప్రిల్ 19, ఈస్టరు ముందు శనివారం అని తేదీ పెట్టారు. బాప్తిస్మం కాలవలో ముంచి ఇస్తారు, ఆ రోజుకి తాగునీళ్ల కోసం కాలవకి నీళ్లొదులుతారట. ఏడుగురం. బాప్తిస్మం అయ్యాక గట్టు మీదే కొత్తవాళ్లకి బల్ల ఇస్తారు. అంతవరకూ ఉపవాసం. మెళ్లో నగలూ గిగలూ ఏమీ ఉండకూడదన్నారు. అమ్మ నా నడుము వైపు చూసింది.

కాలవలోకి దిగబోతున్నాను. అమ్మే దించుతోంది. నాకు సంతోషంగా ఉంది, అదే సిగ్గుగా ఉంది.

మార్చి 17

అమ్మ కొంగున ముడి లేదు.

మార్చి 22, శనివారం

నాన్న పాలిషింగ్ యూనిట్లో పని చేస్తాడు. రాళ్ల మోతకి చెవులు సగం పోయాయి. ముక్కు బాగా పని చేస్తుంది. ఇవాళ నా తల దగ్గర వాసన చూసి, ఏంటే ఈ బ్లీచింగ్ వాసన, స్కూల్లో నేల కడిగిస్తున్నారా నీ చేత అన్నాడు. అవునన్నాను. రెండో అబద్ధం. మూడోదా? లెక్క తప్పింది.

అమ్మ అడ్డంగా అడుగుతోంది. తగ్గింది కదా, ఇంకా ఆ మిషన్ ఎందుకు పెట్టుకుంటున్నావు అంది. డాక్టరు గారు తీయమనేదాకా తీయకూడదన్నాను. డాక్టరు కంటే పెద్ద డాక్టరు ఉన్నాడు పైన అంది. ఉన్నాడు, నేనూ నమ్ముతాను. కానీ పంపు తీసేసి నాలుగు రోజులుంటే నేను ఆయన దగ్గరికే వెళ్తాను. ఆ మాట పైకి అనలేదు.

మార్చి 29, శనివారం

బాపయ్య తాత వచ్చాడు. గుడి పక్క ఇల్లు, ఇరవై ఏళ్లుగా షుగర్ మాత్రలు. ఏ ప్రార్థనతో తగ్గిందమ్మా అని అడిగాడు. తాతా నాది వేరు, నువ్వు మాత్రలు మానొద్దు అన్నాను. నీకక్కర్లేనివి నాకెందుకు తల్లీ, పది రోజులైంది మానేసి, కాస్త కళ్లు మసకలంతే అన్నాడు. నవ్వాడు కూడా.

నాకు అన్నం దిగలేదు. ఇది నా ఒక్కదాని సంగతి కాదిక. నేను నోరు మూసుకుంటే ఆయన కాలు పోతుంది, కళ్లు పోతాయి. మాత్రలు వేసుకో, నా మీద ఒట్టు అన్నాను. క్రైస్తవులం ఒట్లు పెట్టకూడదని నాకే బుద్ధి చెప్పి వెళ్లాడు.

ఏప్రిల్ 2

ఒక చివర నుంచి ఇంకో చివరకి. ఆగకుండా. ఇరవై అయిదు మీటర్లు. మేడం ఈల అనవసరంగా వేసింది, సంతోషంతో. దిగే ముందు 171, పైకొచ్చాక 124.

ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేని మొదటి గెలుపు ఇది. బస్సులో పక్కనావిడకి చెప్పాను. మంచిదమ్మా అని నిద్రపోయింది.

ఏప్రిల్ 8, మంగళవారం

నజ్మీన్ మేడంకి మొత్తం చెప్పాను. గుడి, కేక, మొక్కు, తాత. ఆవిడ కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. నువ్వు చెప్తావా, నన్ను బస్సెక్కి రమ్మంటావా అంది. మా అత్త కూడా ఇలాగే ఎవరో చెప్పారని సూదులు మానేసింది, నెలకి పోయింది అంది. మామూలు గొంతుతోనే అంది. నేనే చెప్తానన్నాను.

ఏప్రిల్ 10

అమ్మ తెల్ల చీర తెచ్చింది, నాకు, బాప్తిస్మానికి. మడత విప్పి నా భుజం మీద వేసి చూసుకుంది. నీళ్లలోంచి లేచాక ఆ మిషన్ మళ్లీ తగిలించుకోకు, విశ్వాసం చూపించాలి అంది.

చూద్దాం అన్నాను. ‘చూద్దాం’! ఛీ.

ఏప్రిల్ 13, మట్టలాదివారం

సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. చేతిలో మట్ట. అందరూ వెనక్కి తిరిగారు. అమ్మ ముందు వరసలో కూర్చుని, నేనేం చెప్పబోతున్నానో తనకి తెలిసినట్టు తల ఊపుతోంది. ప్రార్థన చేయండి అని కూర్చున్నాను. బాపయ్య తాత గట్టిగా ఆమెన్ అన్నాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు ఇప్పుడు.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

మూడు గంటలు గుళ్లో కూర్చున్నాను. ఒక్క మాట చెవిలో పడలేదు. కాలు ఆడిస్తూనే ఉన్నాను, రెబ్కమ్మగారు రెండుసార్లు మోకాలి మీద చెయ్యి వేశారు.

రేపు గట్టు మీద ఒక్కొక్కరూ సాక్ష్యం చెప్పి దిగాలి. నా వంతు రాగానే మొత్తం చెప్తాను. తర్వాత కొట్టనీ, తిట్టనీ, బాప్తిస్మం లేదు పొమ్మననీ.

ఏప్రిల్ 19, శనివారం, పొద్దున 6.40

268. భయానికి పెరిగినట్టుంది. పంపులో ఇన్సులిన్ మూడున్నర యూనిట్లు కొట్టాను. తొమ్మిదింటికల్లా అయిపోతుందన్నారు, బల్ల అవగానే తినొచ్చు. ఉపవాసం కదా, అమ్మ టీ కూడా ఇవ్వలేదు. గ్లూకోజు బిళ్లలు నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి.

చెప్తాను.

ఏప్రిల్ 19, సాయంత్రం 4

ఏది ముందు రాయాలో తెలియడం లేదు. వరసగానే రాస్తాను.

గుడి నుంచి కాలవ దాకా పాటలు పాడుకుంటూ నడిచాం. రెండు కిలోమీటర్లు, చెప్పులు లేకుండా. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఒక చరణం. హ్యాండ్‌బ్యాగు అమ్మ ఇంట్లోనే పెట్టేయించింది, తెల్లచీర మీద బ్యాగేంటని. మీటరు మాత్రం దొంగచాటుగా అమ్మ బైబిలు జిప్పు సంచిలో పడేశాను. బిళ్లలు మర్చిపోయాను. పంపు విప్పి అమ్మ చేతికిచ్చేసరికి 9.50. ఆ సంచిలోనే పెట్టి జిప్పు వేసింది, చాలా జాగ్రత్తగా. మళ్లీ తీయనిదానికి అంత జాగ్రత్తేంటో అనుకున్నాను.

ఎండ ముదురుతోందని అయ్యగారు సాక్ష్యాలు రేపు గుళ్లో పెట్టుకుందామన్నారు. అయిపోయింది. నేను కూడబెట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పుడే చెప్తానని చెయ్యెత్తాను. ముందు దిగాలని ఆశగా ఉందేమో అనుకుని, చివర్న నువ్వేనమ్మా, స్వస్థత పొందిన బిడ్డవి అన్నారు.

ఏడుగురం నడుము లోతులో వరసగా నిలబడ్డాం. గట్టు మీద రాయికి కట్టిన తాడు ఒకటి అడ్డంగా వేశారు. ఒక్కొక్కరికీ ప్రార్థన, పాట, మునక, మళ్లీ పాట. నీళ్లు చల్లగా ఉన్నాయి. పదకొండేళ్ల తర్వాత అదే కాలవ. కాళ్లు వణికితే చలి అనుకున్నాను. అవతలి గట్టు మీద పంప్‌హౌస్ మీది అక్షరాలు రెండు రెండుగా కనిపించాయి. ఎండ అనుకున్నాను. ఇన్నేళ్ల అనుభవం ఏ గంగలో కలిసిందో మరి.

నా వంతు వచ్చింది. అయ్యగారు నా వీపు మీద చెయ్యి వేసి, నీ పాపములను ఒప్పుకొనుచున్నావా అని అడిగారు. నాలుక మందంగా ఉంది. నాకు తెలిసిన మాట ఒక్కటే వచ్చింది. షుగర్ తగ్గిందయ్యగారూ అన్నాను.

ఆయన గట్టు వైపు తిరిగి, షుగర్ తగ్గిందంటోంది బిడ్డ, స్తోత్రం చెప్పండి అని అరిచారు. గట్టంతా దద్దరిల్లింది. డప్పు, కంజీరలు, చప్పట్లు. కాదు, తగ్గింది, తగ్గింది అన్నాను నేను. నేను ఎంత గట్టిగా అంటే వాళ్లు అంత గట్టిగా పాడారు. ఎంత మూర్ఖంగా ఉందో నాకు తెలుస్తూనే ఉంది. నవ్వొచ్చింది. నవ్వాను. అందరూ చూడు చూడు ఆ ముఖంలో ఆనందం అన్నారట.

ఇక్కడి నుంచి నాకు సరిగా గుర్తు లేదు, నాన్న చెప్పింది రాస్తున్నాను.

అమ్మ పాడుతూ పాడుతూ ఆగిపోయిందట. చెయ్యి కొంగు చివరికి వెళ్లింది. ముడి లేదు. చుట్టూ చూసింది. బల్ల మీద తెల్లగుడ్డ కింద ద్రాక్షరసం చెంబు ఉంది. గుడ్డ లాగేసి చెంబు ఎత్తుకుంది. సంఘపెద్ద ఒకాయన, ఎలీసమ్మా అది బల్ల మీదిది, ఇంకా మునగలేదు పిల్ల అని అడ్డమొచ్చాడు. తప్పుకో అని ఒక్క తోపు తోసిందట. మా అమ్మకి ఈత రాదు. నీళ్లంటే చచ్చేంత భయం. చీరతో, చెంబుతో, మెట్లు చూసుకోకుండా నడుము లోతుకి వచ్చేసింది.

మళ్లీ నాకు గుర్తున్నది: తీపి. పెదాల మీద మంట. నిన్న గుడికి ముందు కూడా చేలోకి వెళ్లింది కదా, వేళ్లకి కారం. దవడ పట్టుకుని, మింగవే, మింగు నా తల్లీ, మింగు అంటోంది. పాట ఆగిపోయింది.

అయ్యగారు, ఏమైందమ్మా, తగ్గిందంది కదా అన్నారు. అమ్మ ఆయన వైపు తిరిగి, తగ్గలేదయ్యగారూ, నా బిడ్డకి తగ్గలేదు, పడిపోయింది, షుగర్ పడిపోయింది అంది. ఎంత గట్టిగా అంటే కాలవ అవతల గొర్రెలు కాసేవాడు కూడా లేచి నిలబడ్డాడట.

మెట్ల మీద కూర్చోబెట్టారు. మీటరు ఎక్కడుందో చెప్పాను. నాన్న నా వేలు గుచ్చాడు. అంత రసం తాగాక కూడా 61. పావుగంట ఆగాలి అంది అమ్మ. నూటయాభై మంది గట్టు మీద ఎండలో పావుగంట నిలబడ్డారు. రెండోసారి గుచ్చితే 112. ఎంత అని అయ్యగారే అడిగారు, నాన్న చెప్పాడు, అందరూ ఊపిరి వదిలారు. పరీక్ష రిజల్టు చదివినట్టుంది.

అప్పుడు మొత్తం చెప్పాను. కూర్చునే. పూల్, అబద్ధపు ఫారం, ఆ గురువారం సగం మాట. నాకు తగ్గలేదు, తగ్గేది కాదు, ఇన్సులిన్ లేకపోతే వారం కూడా బతకను, తాతా నువ్వు మాత్రలు వేసుకో అన్నాను. అమ్మ విని, ఈతా అంది. చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చెయ్యే వెంటనే తల మీద పెట్టి నన్ను పొట్టకి అదుముకుంది. నాకు అప్పటికి గాని ఏడుపు రాలేదు.

నాకు తెలుసే, ఆ రోజు కూడా తెలుసు, తెలిసి కూడా ముడి విప్పేశాను, ఒక్కసారైనా నిజం కావాలనిపించింది అంది అమ్మ. నా చెవిలోనే అంది. ఎవరూ వినలేదు.

సంఘపెద్ద ఇంకా చెంబు చూసుకుంటున్నాడు. మునగకుండానే తాగింది, ఇది క్రమం కాదు అన్నాడు. అయ్యగారు తడి పంచె పిండుకుంటూ, దాహమైన పిల్లకి ముందు పోశారు, ముందూ వెనకా సంగతి దేవుడు చూసుకుంటాడు అన్నారు. తర్వాత నా పక్కన మెట్టు మీద కూర్చుని మెల్లిగా అడిగారు, నీకు నిజంగా ఈతొచ్చా అని. వచ్చన్నాను. నాకు రాదమ్మా, ఇరవై ఏళ్లుగా ఆ తాడు పట్టుకునే దిగుతున్నాను, ఎవరికీ చెప్పకు అన్నారు. ఇక్కడ రాస్తున్నాను, చెప్పడం కాదు కదా.

ఇవాళ ముంచుతారా, వచ్చే వారమా అని అడిగారాయన. నేను నోరు తెరిచేలోపు అమ్మ బైబిలు సంచి జిప్పు లాగింది. గంట కావస్తోంది, ముందు మిషన్ తగిలించుకో అంది.

తగిలించుకున్నాను. ట్యూబు టక్కుమంది. మిగిలిన రసం మిగతా ఆరుగురికి తలా అర చెంచా వచ్చింది.

ఏప్రిల్ 20, ఈస్టరు

అమ్మ కొత్త చీర కట్టుకుంది. కొంగున ముడి ఉంది. బాపయ్య తాత మాత్రల డబ్బా గుడికి తెచ్చి నాకు చూపించాడు.

ఏప్రిల్ 22

పూల్‌కి అమ్మ వచ్చింది. గట్టు మీద కూర్చుని, నజ్మీన్ మేడం ఈల వేసినప్పుడల్లా లేచి నిలబడింది. మేడం నవ్వు ఆపుకోలేక ఈల అమ్మకే ఇచ్చేసింది. ఇంక నాకు ఈత సాగితే ఒట్టు.

ఏప్రిల్ 26, శనివారం

ఈ పేజీలో ముందు నుంచి వచ్చిన అంకెలు కూడా ఉన్నాయి. పుస్తకం అయిపోయింది.

కాలవలోకి దిగే ముందు 156. ఉపవాసం లేదు, రెండు ఇడ్లీలు. అయ్యగారు తాడు పట్టుకున్నారు, నేను పట్టుకోలేదు. మునిగాను. లేచాను. లేచి ఆగలేదు, అవతలి గట్టు ముట్టుకుని వచ్చాను. వెనక ఈల మోగుతూనే ఉంది.

పంపు అమ్మ తన నడుముకి పెట్టుకుంది, ఎండ తగలకుండా కొంగు కప్పుకుంది. పద్దెనిమిది నిమిషాలు షుగర్ అమ్మకే ఉంది.